సీతారత్నం పూచీ పడిన మనుషులు

ఆ ఉదయం పదకొండో మనిషిని సీతారత్నం బిందె గురించి అడిగింది. మీ నీళ్ళ బిందెకి సొట్ట ఏ పక్కనుంది మామ్మగారూ, అని. కిటికీ అవతల నిలబడ్డ మామ్మగారు మొహం చిట్లించి, సొట్ట ఎక్కడిదమ్మా, అడుగున చిల్లు పడితే మాటు వేయించాం, నువ్వే కదా చూసి నవ్వావు, అంది. రత్నం పలక మీద బొటనవేలు ఆనించింది. రాజమండ్రిలో ఉన్న మూలం ఒక క్షణం ఆలోచించి ఒప్పు అంది. మామ్మగారి చేతిలోని పలక చిన్నగా మోగింది. ఇంకో తొంభై రోజులు ఆవిడ లోపలి మనిషి.

కొత్త కోరంగిలో గాలి అందరిదీ. గట్టు చివరనున్న టవర్ నుంచి సంకేతం ఊరంతా పడుతుంది, ఎవరి పలకైనా దాన్ని అందుకోవచ్చు. అందుకున్నంత మాత్రాన లోపలికి రానివ్వరు. ముందు వసారాలో కూర్చోబెడతారు. వసారాలో ఆటుపోట్ల వేళలు చూసుకోవచ్చు, ఆంబులెన్సును పిలవచ్చు, అంతే. పడవ టికెట్టు అడిగినా, రేషన్ అడిగినా, పక్కూళ్ళో ఉన్న కూతురి మొహం చూపించమన్నా గుమ్మం పేజీ ఒక్కటే వచ్చి అడ్డంగా నిలబడుతుంది. అక్కడ మన సంఖ్య కొడితే టవర్ దాన్ని మూలానికి పంపుతుంది. టవర్‌కి సొంత తెలివి లేదు. మూలం ఒప్పు అంటే గొళ్ళెం తీస్తుంది, కాదంటే వసారాలోనే ఉంచుతుంది.

ఒకప్పుడు ఈ పనికి ఒక రహస్యపదం సరిపోయేదట. తర్వాత ఫోనుకి వచ్చే అంకెలు, ఆ తర్వాత మొహం, గొంతు, కనుపాప. మనిషిలా నటించే యంత్రాలు, వాటినే నీడలంటారు, ఒక్కొక్కటే అన్నీ నేర్చేసుకున్నాయి. నీడకి మన మొహం ఉంటుంది, మన గొంతు ఉంటుంది, మనం ఎక్కడ ఏం మాట్లాడినా ఏం రాసినా కంఠతా వచ్చు. ఎవరూ ఎక్కడా చెప్పుకోని సంగతులు మాత్రం దానికి తెలియవు. చిల్లు బిందెకి మాటు వేయించామని ఏ యంత్రంతో చెప్పుకుంటారు? తిరిగి తిరిగి మూలం మనిషి దగ్గరికే వచ్చింది. ఈ సంఖ్య గల మనిషిని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగడం మొదలుపెట్టింది. ఉన్నామని వేలు పెట్టి చెప్పేవాళ్ళే పూచీదారులు.

ఊరికి పూచీదారులు ఇద్దరు. పాత కోరంగిలో పుట్టి, అది సముద్రంలో కలిసిపోయేదాకా అక్కడే పెరిగిన పలివెల సీతారత్నం ఒకరు. యానాం నుంచి వచ్చిన మంగతాయారు ఒకరు, ఆవిడ రత్నం కన్నా నాలుగేళ్ళు పెద్ద. పదిహేడేళ్ళుగా ఇద్దరివీ పక్కపక్క కిటికీలు. రత్నానికి పని నేర్పింది తాయారే. ఏం అడగాలో కాదే, ఎప్పుడు ఆపాలో తెలియాలి అని చెప్పింది కూడా ఆవిడే. ఇప్పుడు ఊళ్ళో పదకొండు వందల నలభై మంది రత్నం పూచీ మీద లోపల ఉన్నారు, తాయారు పూచీ మీద నాలుగు వందల పై చిలుకు. స్థానికురాలివి, నీ మాటకి బరువెక్కువే అని తాయారు వేళాకోళం చేసేది. ఆ పూట తాయారు టవర్ తనిఖీకి వచ్చినవాళ్ళ వెంట గట్టు చివరికి వెళ్ళింది. రత్నం ఒక్కతే ఉంది.

పన్నెండో మనిషికి అరవై ఏళ్ళుంటాయి. ఎండకి మాడి నల్లబడిపోయాడు. ఉప్పునీళ్ళకి మడమలు పగిలి ఉన్నాయి. భుజాన సంచీ కింద పెట్టకుండానే గుమ్మం పేజీలో సంఖ్య కొట్టాడు. రత్నం ముందున్న పలక మీద ఆమె పదిహేడేళ్ళలో ఎప్పుడూ చూడని వాక్యం వచ్చింది. ఈ మనిషి ఇప్పటికే లోపల ఉన్నారు.

మళ్ళీ కొట్టమంది. మళ్ళీ అదే వాక్యం. అప్పుడు తలెత్తి సరిగ్గా చూసింది. ఊరంతా పీతల లోవరాజని పిలిచే మనిషి. ఆమె చిన్నప్పుడు మడ అడవిలోంచి ఆదివారం ఆదివారం మండపీతలు తెచ్చి వాళ్ళ నాన్నకి ఇచ్చినవాడు.

పాత కోరంగిలో ఇల్లు మునిగిపోయిన లోవరాజుకి ఎన్నో ఏళ్ళ తర్వాత గట్టు మీద నలభై రెండో ఇల్లు వచ్చింది. పూత కూడా ఆరకముందే ఒరిస్సా వైపు సముద్రపు గోడ పనికి వెళ్ళాడు. పద్నాలుగు నెలలు ఆ గోడ మీదే ఉన్నాడు, అక్కడ టవర్ లేదు. నిన్న దిగి, రాత్రి ఎవరింటి అరుగు మీదో పడుకుని, పొద్దున్నే తన ఇంటికి వెళ్ళాడు. ఇదంతా చాలా నిదానంగా చెప్పాడు.

"ఎవరో ఉంటున్నారండి. తాళం వేసుందండి. గుమ్మానికి మావిడాకులు కట్టుకున్నారు, తులసికోట కూడా పెట్టుకున్నారండి. ఇళ్ళాపీసులో అడిగితే నేను ఇల్లు వొదులుకున్నట్టు కాయితం అయిపోయిందన్నారు. అభ్యంతరానికి ఇయ్యాలే ఆకరంట, అయిదింటిలోపు లోపలికెళ్ళి చెప్పుకోమన్నారండి. లోపలికెళ్దావంటే ఇదిగో, ఈ గుమ్మం."

నలభై రెండో ఇల్లు. రత్నం ఆ మాట వింది కానీ వినలేదనుకుంది. చేతులు వాటంతట అవే పలక మీద లోవరాజు చిట్టా తెరిచాయి. పదకొండు నెలల కిందట ఒక మంగళవారం లోవరాజు అనే మనిషి లోపలికి వెళ్ళాడు. మధ్యాహ్నం ఒంటి గంటా పది. పూచీ పడినవారు: పలివెల సీతారత్నం. తొంభై రోజులకోసారి గడువు పొడిగించారు, మూడుసార్లూ ఒంటి గంట దాటాకే. మూడుసార్లూ సీతారత్నమే. లోపలున్న లోవరాజు పడవ ఎక్కలేదు, రేషన్ తీసుకోలేదు, ఎవరి మొహమూ చూడలేదు. చేసిన పని ఒక్కటే, ఇల్లు వదులుకోవడం.

ముందు తన మీదే అనుమానం వచ్చింది. మతిమరుపా? ఒంట్లో బాగాలేని రోజేమైనా? ఎదురుగా ఉన్నవాడే నీడ పంపిన మనిషేమో అని కూడా అనుకుంది, ఆ ఆలోచనకి సిగ్గు పడింది. అయినా పని పనే. మా ఇంటికి పీతలు తెచ్చేటప్పుడు వాటి కాళ్ళు దేనితో కట్టేవారు లోవరాజుగారూ, అని అడిగింది.

"తుంగతోనండి. ఓసారి తుంగ తెగిపోయి మీ వొంటింట్లో పాకేస్తే మీరు రోలెక్కి కూర్చున్నారు. మీ నాన్నగారు నవ్వి నవ్వి పొలమారిపోయి, నీళ్ళివ్వవే అంటే మీరు దిగలేదండి."

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే. అందులో ఒకాయన పోయి ఇరవై ఏళ్ళయింది. ఈ మనిషి లోవరాజే. మరి లోపలున్నది ఎవరు?

ఇక్కడ పూచీదారుల అలవాటు ఒకటి చెప్పాలి. పూచీదారు వేలికి కూడా ఒకరి పూచీ కావాలి, దానికే జంట అని పేరు. రోజూ పొద్దున జంటలో ఒకరు రెండోవారిని ఒక ప్రశ్న అడిగి గుమ్మం తెరవాలి. భోజనానికి లేచి వెళ్తే గొళ్ళెం పెట్టి వెళ్ళాలి, వచ్చాక మళ్ళీ ప్రశ్న, మూలం ఒప్పుకునేదాకా మళ్ళీ పదకొండు నిమిషాలు. ఊరందరినీ అడిగి అడిగి అలిసిపోయిన ఇద్దరాడవాళ్ళు ఒకరినొకరు ప్రశ్నించుకోవడం ఎప్పుడో మానేసి, ఊరికే వేలు ఆనించేసేవారు. తాయారు భోంచేసేటప్పుడు రత్నం, రత్నం భోంచేసేటప్పుడు తాయారు కిటికీ చూసుకునేవారు. పలక తెరిచే ఉండేది. వేలు ఒకసారి ఆనిస్తే గంటసేపు చెల్లుతుంది. ఒంటి గంటకి వేలు ఆనించి రత్నం క్యారేజీ పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళేది. ఊళ్ళో ఇంకెవరినీ అంత తేలిగ్గా నమ్మేది కాదు. అది ఆమె వృత్తి.

తన పూచీల్లో ఒంటి గంటకీ రెంటికీ మధ్య పడినవి ఎన్నో చూపించమని పలకని అడిగింది. అరవై మూడు. పేర్లన్నీ తెలిసినవే. గోడ పనికి వెళ్ళినవాళ్ళు, చేపల ఓడలెక్కి తిరిగి రానివాళ్ళు, రాయపూర్‌లో మనవల దగ్గర ఉండిపోయిన ముసలివాళ్ళు. అందరూ చక్కగా లోపల ఉన్నారు, ఆమె మాట మీద.

నలభై రెండో ఇంటి గృహప్రవేశం మాఘమాసంలో జరిగింది. సిబ్బంది కోటాలో వచ్చిందని తాయారు చెప్పింది. తాయారుకి తోబుట్టువులు లేరు, ఆమె భర్తకీ లేరు. ఆడపడుచు చేతుల మీదుగా పాలు పొంగాలి కదే, నువ్వు తప్ప నాకెవరున్నారు, అంది. రత్నమే పొయ్యి వెలిగించింది, రత్నమే పాలు పొంగించింది. బొట్టు పెట్టి చీర ఇచ్చారు. ఆ చీరే ఇప్పుడు ఒంటి మీద ఉంది. రత్నం లేచి, లోవరాజుని బెంచీ మీద కూర్చోమని చెప్పింది.

తాయారు రెండింటికి వచ్చింది. ఎండలో నడిచి వచ్చి మొహం కందిపోయింది. టవర్‌వాళ్ళు సంతోషంగానే వెళ్ళారని, ఇంకో ఏడాది ఊరికి దిగులు లేదని చెబుతూ బెంచీ మీదున్న మనిషిని చూసి ఆగిపోయింది. ఆమె కూడా పూచీదారే. ఒకసారి చూసిన మొహం మరిచిపోదు.

ఇద్దరూ వెనక గదిలోకి వెళ్ళారు. రత్నం అరవలేదు. అరవై ముగ్గురి పేర్లున్న పలక బల్ల మీద పెట్టింది. తాయారు మొదట అది మూలం చేసిన పొరపాటంది, తర్వాత తనకేం తెలియదంది, తర్వాత కూర్చుని జరిగింది చెప్పింది. ఊళ్ళో పదిహేను వందల మంది లోపల లేకపోతే టవర్ పీకేస్తామని రెండేళ్ళ కిందట రాజమండ్రి నుంచి కబురొచ్చింది. వలస పోయినవాళ్ళు పోగా పద్నాలుగు వందల చిల్లర తేలారు. పోయినవాళ్ళెలాగూ లేరు, వాళ్ళ పేర్లతో ఎవరో ఒకరు ఉంటే ఊరు నిలుస్తుందనుకుంది. నీడలు అమ్మేవాడు కాకినాడలోనే దొరికాడు. ఏడాది పాటు ఆ నీడలు ఎవరికీ ఏ అపకారమూ చేయలేదు. తర్వాత ఇళ్ళ కేటాయింపులో ఒకాయన ఈ సంగతి పసిగట్టాడు. నీడల చేత ఇళ్ళు వదులుకున్నట్టు రాయిస్తే నీకూ ఒకటి ఇస్తానన్నాడు.

"టవర్ పోతే ఊరేమైపోయేదే? నీకోసం, నాకోసం, అందరికోసం చేశాను," అంది తాయారు.

"ఇల్లు కూడా అందరికోసమేనా అక్కా?"

తాయారు బల్ల మీది పలకని బోర్లించింది. పైన ఫ్యాను తిరుగుతోంది. రత్నానికి అసలు ప్రశ్న వేరే ఉంది, దాన్ని అడగడానికే భయంగా ఉంది. ఇల్లు కన్నా, నీడల కన్నా అదే ఎక్కువ కోస్తోంది.

"నీకూ వేలుంది కదా. నా వేలెందుకు?"

"నీ మాట మీద ఎవరికీ అనుమానం రాదు కదే," అంది తాయారు. అబద్ధమైతే బాగుండేది. అది నిజం కాబట్టే ఆవిడ తల దించుకుని చెప్పింది, కాస్త మెచ్చుకుంటున్నట్టు కూడా చెప్పింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు రత్నానికి ఒక్కసారిగా వచ్చింది. నా పదిహేడేళ్ళ నిజాయితీని అడ్డం పెట్టుకుని వాడుకున్నావు అనుకుంది. పైకి మాత్రం, లోవరాజు నీడ ఒక్కదాన్ని వసారాలోకి దించుదాం, వేలు పెట్టు అంది. ఒక మనిషిని దించాలంటే జంటలో ఇద్దరి వేళ్ళూ కావాలి. తాయారు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కదాన్ని దించితే మూలం ఎందుకని అడుగుతుందని, అడిగితే అరవై మూడూ బయటపడతాయని, ఇల్లు పోతుంది, ఉద్యోగం పోతుంది, జైలు తప్పదని చెప్పింది. ఆ ముసలాయనకి ఇంకెక్కడైనా గది చూపిస్తానంది. ఆ ఇంట్లో నువ్వే కదే పాలు పొంగించావు అంది.

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. రత్నం కళ్ళు తుడుచుకుని తన కిటికీ దగ్గరికి వచ్చి కూర్చుంది. పలక అడుగున పూచీ విరమణ అని ఒక గడి ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. అది తాకితే మూలం ఒకటే అడుగుతుంది: ఒకరి మీదా, అందరి మీదా? ఒకరైతే జంట వేలు కావాలి. అందరైతే అక్కర్లేదు. ఒక దొంగని పట్టడానికి ఊరంతటినీ వీధిలో నిలబెట్టే తిక్క మనిషి పుడుతుందని నియమాలు రాసినవాళ్ళకి తోచి ఉండదు.

దాని ఫలితం ఆమెకి క్షుణ్ణంగా తెలుసు. పదకొండు వందల నలభై మందీ వసారాలో పడతారు. ఎవరి సంఖ్య వాళ్ళకి ఖాళీ అవుతుంది, కానీ మళ్ళీ లోపలికి రావాలంటే కాళ్ళతో నడిచి గుమ్మానికి రావాలి. నీడకి కాళ్ళుండవు. తను ఇక ఎప్పటికీ పూచీదారు కాదు, తనూ వసారాలోనే. ఊళ్ళో మిగిలేది తాయారు వేలు ఒక్కటే. జంట లేదు కాబట్టి అది కూడా రేపు పొద్దున్నుంచి చెల్లదు. ఈలోగా ఎవరు లోపలికి వెళ్ళాలన్నా తాయారే పూచీ పడాలి. లోవరాజుకి కూడా.

తాయారు వెనకనుంచి వచ్చి భుజం పట్టుకుంది. వద్దే రత్నం, వద్దే, నా మొహం చూడు అంది. రత్నం చూడలేదు. అందరి మీదా అన్న గడి మీద వేలు ఆనించింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. గట్టు మీద ఆటో ఒకటి ఆగిపోయింది. రేవులో పడవ ఎక్కబోతున్నవాళ్ళ టికెట్లు మాయమయ్యాయి. రేషన్ డిపోలో సగం తూచిన బియ్యం కాటాలోనే ఉండిపోయాయి. తర్వాత జనం రావడం మొదలైంది. మూడున్నరకి వీధి నిండింది, నాలుగింటికి రేవు దాకా వరస. అందరికన్నా ముందు డిపో నడిపే వీర్రాజు పరుగున వచ్చి రత్నాన్ని పట్టుకుని కడిగేశాడు. నీకేం పుట్టిందమ్మా, మా పిల్లకి పురిటి రోజులు, ఈ ఆటలేంటి అన్నాడు. ఇంకొందరు అంతకన్నా ముతకగా అన్నారు. రత్నం పడింది. అవి పడవలసినవేనని ఆమెకి అనిపించింది, వాళ్ళని నమ్మించింది కూడా తన పేరే కదా. మెట్ల మీద నిలబడి ఒక్క మాట చెప్పింది. నా వేలితో అరవై మూడు మంది లేని మనుషులు లోపలికి వెళ్ళారు, ఎవరు ఉన్నవాళ్ళో నాకే తెలియలేదు, అందుకని దించేశాను. ఎవరు చేశారో చెప్పలేదు. తర్వాత దిగి వచ్చి, లోవరాజుని వరసలో మొదట నిలబెట్టి, తను అతని వెనక నిలబడింది. ఆమె వెనక వీర్రాజు నిలబడ్డాడు.

కిటికీలో తాయారు ఒక్కతే ఉంది. ఆవిడ పలక ముందుకి వచ్చేసరికి నాలుగూ ముప్పై ఆరయింది. లోవరాజు తన సంఖ్య కొట్టాడు, ఈసారి గుమ్మం అతన్ని కాదనలేదు, ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. వెనకనుంచి ఎవరో, ఒరే మన పీతల లోవరాజు, ఎప్పుడొచ్చాడు, అన్నారు. ఆ మాట వరస పొడుగునా పాకింది. తాయారుకి అందరూ కనిపిస్తున్నారు. ఆమె ప్రశ్నేమీ అడగలేదు. వేలు ఆనించింది. ఆనించేటప్పుడు మొహంలో రక్తం లేదు. లోవరాజు పలక మోగింది. అతను పక్కకి జరిగి, పలకని నోటి దగ్గర పెట్టుకుని, గట్టు ఇళ్ళ విభాగానికి గట్టిగా చెప్పాడు.

"నేను గంటా లోవరాజునండి. బతికే ఉన్నానండి. నలభై రెండో నెంబరు ఇల్లు నాది. నేను ఎవరికీ వొదల్లేదండి."

అభ్యంతరం నమోదైంది అని వచ్చింది. ఎవరో అతని సంచీ అందుకున్నారు. అతను రత్నం వైపు తిరిగి చేతులు జోడించాడు.

ఇప్పుడు కిటికీ ముందు రత్నం ఉంది. పదిహేడేళ్ళలో ఈ కిటికీ అద్దాన్ని ఆమె బయటినుంచి ఎప్పుడూ చూడలేదు. తాయారు కళ్ళు వాచి ఉన్నాయి. కోపంగా చూస్తుందనుకుంది, అలా చూడలేదు. వేలు పలక దగ్గరికి తెస్తూ, నీ సంఖ్య కొట్టవే, నిన్ను నేను అడిగేదేముంది, అంది. ఆ గొంతులో ఎప్పటి చనువే ఉంది. అన్నం తిన్నావా అని రోజూ అడిగే గొంతు అదే. రత్నం మనసు ఒక్క క్షణం ఆ గొంతు వైపే పోయింది, పోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"వద్దండి," అంది రత్నం. "నేను మీకు తెలుసని మీరు చెప్పక్కర్లేదండి."

అక్కా అన్న పిలుపు తప్ప వాళ్ళిద్దరి మధ్య ఆ ఊరు ఇంకో పిలుపు వినలేదు. వీర్రాజు తలెత్తి చూశాడు. తాయారు వేలు పలకకి జానెడు దూరంలో ఆగిపోయింది.

"ఇంకెవరు పూచీ పడతారే నీకు? రేపట్నించి ఎలా బతుకుతావు? పడవెక్కలేవు, గింజ కొనలేవు."

రత్నం పలక చీరకొంగులో చుట్టుకుని, వరసలోంచి పక్కకి తప్పుకుని, మెట్లు దిగి గట్టు మీద నడవడం మొదలుపెట్టింది. కిటికీ ముందు చోటు ఖాళీ అయింది. తాయారు, రండి వీర్రాజుగారూ, మీ సంఖ్య కొట్టండి అంది. వీర్రాజు ఆవిడ మొహం వైపు, వేలి వైపు చూశాడు. అతను ముందుకి రాలేదు. అతని వెనకున్నవాళ్ళు కూడా కదల్లేదు.